మిల్లుపేట బూత్‌లో నా కుర్చీ

నాకు సంతకం చేయడం వచ్చు. అంకెలు వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోగలను. అంతకు మించి చదువు లేదు. నేను చెబుతుంటే మా పేట అంగన్‌వాడీ టీచరమ్మ మేరీ రాస్తోంది. నా మాటను పుస్తకం భాషలోకి మార్చి పెడతానంది, సరే అన్నాను. మనుషులు మాట్లాడిన చోట మాత్రం వాళ్ళ మాట వాళ్ళదే ఉంచమన్నాను. నా గొంతు బొంగురు కాబట్టి కొన్ని మాటలు రెండుసార్లు చెప్పించుకుంటోంది పాపం.

నేను చేసిన పనులు రెండు. జనపనార మిల్లులో గోనెసంచుల అంచులు కుట్టాను. దాని గురించి చెప్పాలంటే నా వేళ్ళు చూపిస్తే చాలు. రెండోది, ఓట్ల రోజున బూత్‌లో మా పార్టీ తరఫు ఏజెంటుగా కూర్చోవడం. ఎప్పుడో ఒకసారి వచ్చే పనిని ఉద్యోగం అంటావేమిటని మేరీ నవ్వింది. ఓటు పడేది ఒక్క రోజే, ఆ ఒక్క రోజు కోసం మిగతా రోజులన్నీ వీధులు తిరగాలి అన్నాను. ఎవరింటికి కోడలొచ్చింది, ఎవరు పోయారు, ఎవరు పనికోసం చెన్నై వెళ్ళారు, ఇవి తెలియని మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే కుర్చీకి బరువే తప్ప పార్టీకి ఉపయోగం లేదు.

ఇప్పుడు కొత్తగా ఏజెంట్లుగా కూర్చుంటున్న ఆడపిల్లల కోసం ఇది చెబుతున్నాను. మొన్నటి ఎన్నికల ముందు మా మిల్లుపేటలో బూత్ తీసేస్తామన్నారు. అది ఉంటుందా పోతుందా అన్నది నాకు ప్రాణం మీదకి వచ్చినంత పనయింది. ఎందుకో తెలియాలంటే ముందు మా సీటు సంగతి తెలియాలి.

పేట, సీటు

విజయనగరం దాటి నెల్లిమర్ల వైపు వెళ్ళే దారిలో, రైలు కట్టకి ఇవతల మా మిల్లుపేట. అవతల పాతవూరు. పాతవూరిలో రైతులు, పొలాలు, రాతి అరుగుల ఇళ్ళు. ఇటు మిల్లు, మిల్లు గోడని ఆనుకుని కూలీల లైన్లు. లైనంటే ఒకే కప్పు కింద వరసగా ఒక్కో గది ఇళ్ళు. గజపతినగరం వాళ్ళు, ఎస్.కోట వాళ్ళు, పలాస అవతల నుంచి వచ్చిన ఒడియా వాళ్ళు, బాప్టిస్టు చర్చికి వెళ్ళే వాళ్ళు, అందరమూ ఆ గోడ పక్కనే కాపురాలు చేశాం.

మా నియోజకవర్గంలో పల్లెలే ఎక్కువ. ఆ పల్లెలు ఇద్దరు పెద్ద రైతుల మధ్య చెరి సగం చీలి ఉండేవి. ఆ ఇద్దరూ వియ్యంకులయినప్పుడు కూడా చీలే ఉన్నారు. అందుకని మిల్లుపేట ఎటు ఒరిగితే సీటు అటు వెళ్ళేది. అంతటి వాళ్ళూ వచ్చి మిల్లు గేటు ముందు నిలబడి మాట్లాడాల్సిందే. ఒక షిఫ్టు బయటికి వస్తూ, ఇంకో షిఫ్టు లోపలికి వెళ్తూ ఉండే ఆ కాసేపట్లోనే చెప్పదలుచుకున్నది చెప్పాలి. గేటు మీటింగులో పొడుగు ఉపన్యాసం ఇచ్చిన వాడు గెలవడం నేను చూడలేదు. నార దుమ్ము ముక్కులో, ఆకలి కడుపులో పెట్టుకుని వచ్చిన మనిషి ఎంతసేపు వింటాడు?

మాది ఎర్రజెండా. మా యూనియన్ సెక్రటరీని అందరూ మాస్టారు అనేవారు. బడిపంతులు కాదు, సాయంత్రాలు కూలీలకి అక్షరాలు నేర్పేవాడు. నాకు సంతకం నేర్పింది ఆయనే. రెండుసార్లు ఆయన మా ఎమ్మెల్యే. ఎమ్మెల్యే అయ్యాక కూడా సైకిలు మీదే లైన్లలోకి వచ్చేవాడు. ఆడవాళ్ళు నీళ్ళ కుళాయి దగ్గర ఆపేసి కడిగేసేవారు.

"ఏటి మాస్టారూ, కులాయిలో నీలు బదులు గాలొస్తాది. అసెంబ్లీకి ఆ గాలే అట్టుకెల్లండి."

ఆయన దిగి కుళాయి తిప్పి చూసేవాడు. నీళ్ళు రప్పించగలిగింది తక్కువ, తిప్పి చూసింది ఎక్కువ. అయినా తిప్పి చూసేవాడని ఓటేసేవారు.

మా పేటలో ఓటు వేయడానికి ఒక పద్ధతి ఉండేది. బయటివాళ్ళకి వింతగా ఉంటుంది. ఇంటి మగవాడి షిఫ్టు ఏదైతే ఆ ఇల్లంతా ఆ షిఫ్టు వంతులోనే ఓటుకి వెళ్ళాలి. మిల్లులో ఏ, బి, సి అని మూడు షిఫ్టులు. మధ్యాహ్నం పనికెళ్ళే బి షిఫ్టు ఇళ్ళు పొద్దుటి సైరన్‌కి, పొద్దుటి పని దిగిన ఏ షిఫ్టు ఇళ్ళు మధ్యాహ్నం సైరన్‌కి, రాత్రంతా పనిచేసి పడుకుని లేచే సి షిఫ్టు ఇళ్ళు సాయంత్రం సైరన్‌కి. బూత్ మిల్లు గోడ బయట ఉన్న క్యాంటీన్ హాల్లో. అప్పట్లో పాతవూరి వీధులు కొన్నింటికి కూడా బూత్ అదే. ఎవరూ తోసుకోరు, ఎవరి వంట చెడదు. అత్తగారిది సి షిఫ్టు అయితే కోడలికీ సి షిఫ్టే. మగవాడు పోయినా ఆ ఇంటి షిఫ్టు మారదు. మా ఇల్లు బి షిఫ్టు.

ఆ కుర్చీ నాకెలా వచ్చింది

నా భర్త నార వడికే స్పిన్నింగులో పనిచేసేవాడు. యూనియన్ మనిషి. వారం సెలవు రోజుల్లో కూలీలంతా కలిసి యూనియన్ ఆఫీసు కట్టుకున్నారు. మా పార్టీ ఆఫీసు కూడా అదే. చంపావతి ఇసుక బండ్ల మీద తెచ్చారు, రాయి కొండ నుంచి తెచ్చారు. తలుపు ఉన్న గోడ నా భర్త కట్టింది. తాపీపని రాదు, చూసి నేర్చుకున్నాడు. వంకరొచ్చిందని రెండుసార్లు పడగొట్టి మళ్ళీ కట్టాడు. తర్వాత ఊపిరితిత్తులు పాడై పోయాడు. ఆఫీసులో ఆయన ఫొటో పెట్టారు. నన్ను మిల్లువాళ్ళు సంచుల కుట్టులోకి తీసుకున్నారు.

ఏడాది తిరగకుండా ఓట్లొచ్చాయి. మాస్టారు ఇంటికొచ్చాడు.

"నరసమ్మా, నువ్వు బూత్‌లో కూకోవాల."

"నానేటి కూకుంటాను బాబూ? సదువు రాదు."

"సదివీవోడు పక్కన ఉంటాడు. ఆడోల్ల లైన్లో ఎవులు ఎవులో మాకు తెల్దు. ముసుగేసుకుని వస్తే మరీ తెల్దు. నీకు తెలుసు."

వెళ్ళాను. వెళ్ళిన రోజునే తెలిసింది నా పనేమిటో. పోలింగు ఆఫీసరు ప్రతి ఆడమనిషినీ భర్త పేరు అడిగేవాడు. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో చెప్పరు. ఒకామె నేల చూపులు చూస్తుంది. ఒకామె నవ్వుతుంది. ఒకామె, "మా పెద్దోడి నాన్న" అంటుంది. ఆఫీసరు విశాఖపట్నం నుంచి వచ్చిన పడుచువాడు, తల పట్టుకున్నాడు. నేను కుర్చీలోంచి చెప్పడం మొదలుపెట్టాను. "రామునాయుడు." "ఎర్రయ్య." "జగ్గారావు, సి షిఫ్టు." లైను కదిలింది.

నా ఓటు వంతు వచ్చింది. ఆఫీసరు అలవాటుగా నా భర్త పేరూ అడిగాడు. చుట్టూ చూశాను. అందరి మొగుళ్ళ పేర్లూ నేను చెప్పాను, నా మొగుడి పేరు చెప్పడానికి ఎవరూ లేరు. "సూరయ్య" అన్నాను. పెళ్ళయ్యాక ఆ పేరు నా నోట రావడం అదే మొదలు. బతికుండగా ఒక్కసారి కూడా పిలవలేదు.

గౌరమ్మ

ఏజెంటు పని నేర్పేది సొంత పార్టీ కాదు. ఎదురు పార్టీ ఏజెంటు. నాకు ఎదురు కూర్చున్నది గౌరమ్మ. ఆ పెద్ద రైతుల్లో ఒకాయన పార్టీ. ఆమె భర్త మిల్లు మేస్త్రి, లైన్ల చివర కాస్త పెద్ద ఇల్లు. నోరు పెద్దది, మనసు ఎలాంటిదో చాలాకాలం తెలియలేదు.

మొదటి ఎన్నికల్లోనే ఆమె వైపు నుంచి ఒక పిల్ల వచ్చి, పోయిన చిలకమ్మ పేరు చెప్పింది. నేను కాదన్నాను. గౌరమ్మ అవునంది. ఆఫీసరు ఇద్దరి మొహాలూ చూశాడు. సరిగ్గా ఆ వెనకే మా వాళ్ళు పంపిన పిల్ల నిలబడి ఉంది, ఆమె కూడా చచ్చిపోయిన ఇంకొకామె పేరు చెప్పడానికే వచ్చింది. గౌరమ్మ ఆ పిల్లని చూసింది, నన్ను చూసింది.

"ఒలే నరసమ్మా, మనిద్దరం ఇలగ సచ్చినోల్ని లేపుకుంటా పోతే ఉన్నోల్లకి సీకటి పడిపోతాది. నీ దాన్ని నువ్వు పంపీ. నా దాన్ని నాను పంపీస్తాను."

ఇద్దరినీ పంపేశాం. ఆ రోజు నుంచి మా బూత్‌లో పోయినవాళ్ళు ఓటెయ్యలేదు. రెండు పార్టీల నాయకులకీ మా మీద కోపమే. మాస్టారు కూడా, "అన్ని బూతుల్లో జరిగీదే కదా" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకు నచ్చలేదు, ఆ సంగతి ఆయనకే చెప్పాను. మంచివాళ్ళు కూడా ఓట్ల ముందు కొంచెం మెత్తబడతారు. కొత్తగా వచ్చే పిల్లలకి చెప్పేది, ఎదురుగా కూర్చున్న మనిషితో ఇలాంటి ఒప్పందం ఒకటి పొద్దున్నే చేసుకోండి. టిఫిను కూడా పంచుకోండి. సాయంత్రం దాకా మీకు దిక్కు ఆ మనిషే.

సైరన్ మోగని రోజు

మాస్టారు మూడోసారి నిలబడినప్పుడు మిల్లు లాకౌట్‌లో ఉంది. నెలలుగా గేటుకి తాళం, సైరన్ మూగబోయింది. సైరన్ లేక పేటలో టైము తెలిసేది కాదు. చంటిపిల్లలు కూడా ఏ వేళప్పుడో లేచి ఏడ్చేవారు.

యాజమాన్యంతో మాటలు జరుగుతున్నాయి. మేనేజరు మాస్టారికి ఏదో ఆశ పెట్టాడు. అది పట్టుకుని మాస్టారు ఆఖరి గేటు మీటింగులో అన్నాడు:

"ఓట్ల రోజు పొద్దున సైరన్ మోగుతాది. మోగిందంటే మిల్లు తెరుస్తన్నట్టే. ఆ మోత ఇని మీ షిఫ్టులో మీరు కదలండి."

ఎంత చప్పట్లు కొట్టారో. నా పక్కన ఆడవాళ్ళు ఏడ్చారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చాక మాత్రం, సైరన్ తాడు ఉన్నది మేనేజరు చేతిలో కదా అనుకున్నాను.

పొద్దున సైరన్ మోగలేదు. బూత్‌లో పాతవూరి వాళ్ళు వస్తున్నారు, వేస్తున్నారు, వెళ్తున్నారు. మా వాళ్ళు ఒక్కరు లేరు. మంచి చీరలు కట్టుకుని, తలలు దువ్వుకుని, ఇళ్ళ ముందు కూర్చుని ఆకాశం వైపు చెవులు పెట్టారు. గౌరమ్మ ఊరుకుంటుందా?

"ఏటే, మీ మాస్టారి కూత ఏదే? గొంతు పట్టేసినాదేటి?"

మాస్టారికి కబురు పంపాను. ఆగమను, మోగుతుంది అని జవాబు వచ్చింది. మళ్ళీ పంపాను. మళ్ళీ అదే జవాబు. మధ్యాహ్నానికి కుర్చీ మా రెండో ఏజెంటుకి అప్పజెప్పి లేచాను. ఇంట్లో సత్తుకంచం, గరిటె పట్టుకున్నాను. కంచం మీద కొడుతూ లైను లైనూ తిరిగాను. "బి షిఫ్టు రండి! ఏ షిఫ్టు రండి!" అని అరిచాను. చాలామంది లేచారు. తిట్టుకుంటూ, చీర సర్దుకుంటూ వచ్చారు.

సాయంత్రమయినా సి షిఫ్టు లైను కదల్లేదు. అప్పన్న అని నార దువ్వే కార్డింగులో పనిచేసేవాడు, ఆ లైనుకి పెద్ద. ముంగిట మంచం వేసుకుని అడ్డంగా కూర్చున్నాడు.

"అప్పన్న మావా, టైము అయిపోతన్నాది. ఆడోల్లని పంపించు."

"సైరన్ మోగనీ."

"మోగదు మావా. మోసం సేసినారు."

"మోగకుండా మనం ఎల్లిపోతే మిల్లు తెరవక్కర్లేదని మనమే ఒప్పుకున్నట్టు కాదేటే? మాస్టారు మోగుతాదన్నాడు. మోగినాకే ఎల్తాం."

ఇలాంటి తప్పు మా పేట వాళ్ళే చేస్తారు. వేరే ఏ ఊళ్ళోనూ ఓటుకి సైరన్ కోసం ఆగరు. వాళ్ళకది బద్ధకం కాదు. ముందే కదిలితే మిల్లు ఇక తెరవరేమో అన్న భయం. నేను అరిచాను, కాళ్ళు పట్టుకున్నాను, ఆయన తల్లిని కూడా తిట్టాను. చివరికి ఆడవాళ్ళే ఆయన్ని తోసుకుని లేచారు. వాళ్ళు పరుగున క్యాంటీన్ దగ్గరికి వచ్చేసరికి పోలీసాయన గేటు మూసేస్తున్నాడు. టైముకి లైన్లో ఉన్నవాళ్ళకే ఓటు. బయట సి షిఫ్టు ఆడవాళ్ళు గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డారు. లోపల గౌరమ్మ తల వంచుకుంది.

మాస్టారు ఓడిపోయాడు. ఎంత తేడాతో అన్నది చెప్పను, ఆ గేటు బయట నిలబడిన వాళ్ళు వేసి ఉంటే సరిపోయేది. ఆ రోజు పోయిన గొంతు నాకు మళ్ళీ పూర్తిగా రాలేదు.

నాలుగు రోజులకి మాస్టారు వచ్చి గడప మీద కూర్చున్నాడు. "పిలుపు మనది, తాడు ఆ మేనేజరుది. అంతే నరసమ్మా, నాకు తట్టనేదు" అన్నాడు. నేను టీ ఇచ్చాను. ఆ తర్వాత ప్రతి ఎన్నికకీ షిఫ్టులు పిలిచింది నా సత్తుకంచమే. మిల్లు తెరిచాక సైరన్ మళ్ళీ మోగింది, అయినా ఓట్ల రోజున ఎవరూ దాన్ని లెక్కపెట్టలేదు.

చేతులు మారిన సీటు

తర్వాత కొత్త పార్టీ గాలి వచ్చింది. మా లైన్లలోనే సగం గోడలు రంగు మారాయి. మాస్టారు మంచాన పడ్డాడు, పోయాడు. తర్వాత ఒక కాంట్రాక్టరు ఎమ్మెల్యే అయ్యాడు. మా జెండా వాళ్ళు వినడానికి ఇష్టపడని మాట ఒకటి చెబుతాను. మా పేటకి సిమెంటు రోడ్డు వేసింది ఆ కాంట్రాక్టరే, మురుగు కాలవ కట్టింది ఆయనే. మా వాళ్ళు కుళాయి తిప్పి చూశారు, ఆయన నీళ్ళు ఇచ్చాడు. ఓటు అటు వెళ్ళిందని జనాన్ని తిట్టడం నాకు చేతకాలేదు. అలాగని ఆయన దేవుడూ కాదు. మిల్లు మూతపడుతుంటే ఒక్కసారి గేటు దగ్గరికి రాలేదు. మూసిన మిల్లు స్థలం మీద ఆయనకు కన్నుందని అందరూ అనుకున్నారు.

ఆ తర్వాత నియోజకవర్గం గీతలు మార్చారు. మమ్మల్ని తీసుకెళ్ళి ఇంకొన్ని పెద్ద పల్లెల్లో కలిపారు. మేం ఎటు ఒరిగినా సీటు కదలడం మానేసింది. అప్పటి నుంచి మిల్లు గేటు ముందుకి అభ్యర్థులు రావడం లేదు. ఒకాయన కారులోంచే చెయ్యి ఊపాడు. గౌరమ్మ, "ఈగలు తోలుకుంటన్నాడేటే" అంది.

మిల్లు పూర్తిగా మూశారు. మగవాళ్ళు చెన్నైకి, హైదరాబాదుకి కట్టుబడి పనులకి పోయారు. ఆడపిల్లలు తెల్లారకుండా మందుల కంపెనీ బస్సెక్కుతున్నారు. లైన్లలో మిగిలింది మా ఈడు వాళ్ళం, ఓట్లకి మాత్రం వచ్చి వెళ్ళే పిల్లలు. అయినా ఓట్ల రోజున కంచం మోగితే ఇప్పటికీ షిఫ్టు వారీగానే కదులుతారు. ఆ రోజు ఒక్కటే పేటంతా పేటలా ఉంటుంది. బూత్ ఉండాలని నేను పట్టుపట్టింది అందుకే.

బూత్ తీసేస్తామన్నారు

క్యాంటీన్ హాలు కప్పు కూలడం మొదలైంది. మొన్నటి ఎన్నికల ముందు కబురు వచ్చింది, మిల్లుపేట బూత్ ఎత్తేసి పాతవూరి హైస్కూల్లో కలుపుతారని. రైలు గేటు దాటాలి. గేటు పడితే ఎప్పుడు తీస్తారో తెలియదు. గౌరమ్మకి మోకాళ్ళు లేవు. నాకు ఊపిరి లేదు. మాలాంటి వాళ్ళే సగం పేట.

ఇప్పుడు మా పార్టీకి పేటలో నాయకుడు శంకర్రావు. మంచి కుర్రాడే, నన్ను పిన్నీ అంటాడు. అతని దగ్గరికి వెళ్ళాను.

"దానికేటి పిన్నీ? ఆటోలు పెడతాం. గుమ్మంలో ఎక్కించి గుమ్మంలో దించుతాం."

"మనం ఎన్ని ఆటోలు పెట్టగలమురా? ఆ కాంట్రాక్టరోల్లు ఎన్ని పెట్టగలరు? ఎవుడి ఆటో ఎక్కితే ఆడి మొహం సూసి ఎయ్యాల. నడిసెల్లి ఏసిన ఓటు నాది. అది నాకు కావాల."

"కాలం మారింది పిన్నీ."

"మారితే మారింది. గౌరమ్మ మోకాలు మారనేదు."

అతనితో పని కాదని గౌరమ్మని వెంటబెట్టుకుని తహసీల్దారు దగ్గరికి వెళ్ళాను. రెండు జెండాల ముసలమ్మలు కలిసి వచ్చారని అక్కడి బంట్రోతు నవ్వాడు. తహసీల్దారు ఆడమనిషి, కూర్చోబెట్టి విన్నది. ఆమె చెప్పిందాంట్లో తప్పు లేదు.

"అమ్మా, నాకు మాత్రం తీసేయాలని ఉందా? కూలిపోయే హాల్లో మనుషుల్ని ఎలా పెట్టను? పేటలో గట్టి బిల్డింగు ఒకటి చూపించండి, రాసి పంపుతాను. గుడి, చర్చి పనికిరావు. పార్టీ ఆఫీసు అసలే కుదరదు. పార్టీ ఆఫీసుకి దగ్గర్లో ఉన్న బిల్డింగు కూడా కుదరదు."

తిరిగి వస్తూ ఆటోలో ఇద్దరం పేటలో ఉన్న గోడలన్నీ తలుచుకున్నాం. బడి లేదు. అంగన్‌వాడీ మేరీ వాళ్ళ వరండాలో నడుస్తోంది. లైన్లన్నీ బీటలే. చివరికి గౌరమ్మ అంది:

"ఒక్కటి ఉన్నాది. నీకూ తెలుసు."

"ఏటది?"

"మీ ఆఫీసు. పంచాయతీకి ఇచ్చీండి. మేరీ పిల్లలు కూకుంటారు, ఓట్లకి బూత్ అవుతాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు ఎప్పట్నుంచో మా జెండా మీద కన్నుంది కదే! అది నా మొగుడు కట్టిన గోడ."

"కట్టినాడు. అందుకే ఇంకా నిలబడున్నాది" అంది గౌరమ్మ. ఆటో దిగి చెరో దారిన వెళ్ళిపోయాం.

రెండు రోజులు ఆఫీసులోకి వెళ్ళి కూర్చున్నాను. ఒకప్పుడు లోపల నిలబడ్డానికి చోటు ఉండేది కాదు. ఇప్పుడు నలుగురు ముసలాళ్ళు పేపరు చదువుకుంటున్నారు. గోడ తట్టి చూశాను. చెక్కు చెదరలేదు.

చేతులెత్తిన రోజు

యూనియన్‌లో మిగిలిన వాళ్ళందరినీ పిలిపించాను. శంకర్రావు మొదటి నుంచీ కాదన్నాడు.

"ఆఫీసు ఇచ్చీసి, జెండా దించీస్తే పేటలో మనకేటి మిగుల్తాది పిన్నీ? బయటోల్లు ఏటనుకుంటారు?"

"పార్టీ ఎవులింట్లో అయినా కూకుంటాది. మా ఇంట్లో కూకోండి, టీ ఇస్తాను. ఓటు కూకోడానికి ఇదొక్కటే ఇల్లు."

"బూత్ ఇక్కడున్నా మనకి పడీ ఓట్లు ఎన్ని? పోయినసారి సూసినావు కదా."

"మనకి పడితేనే బూత్ ఉండాలేటి? ఆ మాట మాస్టారి ఫొటో కింద నిలబడి అంటన్నావు."

చేతులెత్తమన్నాం. ఎవరూ ఎత్తలేదు. కట్టినవాళ్ళు కదా, నాకు తెలుసు ఎంత బరువో. అప్పుడు మూలనుంచి అప్పన్న లేచాడు. సి షిఫ్టు అప్పన్న. ఎనభై దాటి ఉంటాయి, చేతికర్ర.

"ఆ రోజు సైరన్ మోగాలని కూకున్నాను. నా ఆడోల్లు గేటు కాడ నిలబడిపోనారు. ఇప్పుడు ఆఫీసు ఉండాలని కూకుంటే మల్లీ అదే గేటు." కర్ర ఉన్న చేతినే పైకెత్తాడు. కర్ర తగిలి పక్కవాడి కళ్ళజోడు కింద పడింది. అందరూ నవ్వారు. ఒకటొకటిగా చేతులు లేచాయి. శంకర్రావు ఆఖర్న ఎత్తాడు.

జెండా దింపింది నేనే. ముడి విప్పడానికి వేళ్ళు సాగక పళ్ళతో లాగాను. బోర్డు తీశారు, ఎర్రగోడలకి సున్నం కొట్టారు. ఫొటోలు మా ఇంటికి తెచ్చుకున్నాం. మాస్టారు, సూరయ్య, మిగతావాళ్ళు ఇప్పుడు నా మంచం పైన వరసగా ఉన్నారు. పంచాయతీ తీసుకుంది, మేరీ పిల్లలతో వచ్చి చేరింది. తహసీల్దారమ్మ వచ్చి తలుపు, కుళాయి, మెట్ల పక్క వాలు అన్నీ చూసి రాసుకుని వెళ్ళింది. బూత్ నిలిచింది.

నా తర్వాత కూర్చునేవాళ్ళకి

కుర్చీ ఈసారి కీర్తనకి ఇచ్చాను. మందుల కంపెనీలో పనిచేసే పిల్ల. ఆమెకు చెప్పినవే మీకూ చెబుతున్నాను. ఓటు వేసి వచ్చే మనిషి మొహం చదవకండి. మనకేశారా లేదా అని చూసే కళ్ళకి లైన్లో మనుషులు కనబడరు. పొద్దున్నే మంచినీళ్ళ సీసా పక్కన పెట్టుకోండి. మీ నాయకుడు ఎంత మంచివాడైనా సరే, జనాన్ని పిలిచే పిలుపు ఇంకొకడి చేతిలో పెట్టాడంటే అక్కడికక్కడే అడగండి. గొంతు పోయాక అడిగితే వినబడదు.

మా జెండాకి మా బూత్‌లో ఈసారి కూడా ఓట్లు కొన్నే వచ్చాయి. సీటు కాంట్రాక్టరు వర్గానిదే. శంకర్రావు నా మొహం చూశాడు. "లైను సూసినావా?" అన్నాను. చూశానన్నాడు.

ఆ లైను నేనూ చూశాను. పొద్దున కంచం కొట్టుకుంటూ తిరిగాను. చెన్నై నుంచి వచ్చినవాళ్ళు, ఒడియా కోడళ్ళు, చర్చి వాళ్ళు, అందరూ వచ్చారు. కంపెనీ బస్సు పిల్లలు తమ కంపెనీ షిఫ్టు చెప్పి, "మామ్మా, మాది ఇప్పుడు కంపెనీలో ఏ షిఫ్టే, మధ్యాన్నం పిలు" అన్నారు. ఇంటి షిఫ్టు మారదని వాళ్ళ అత్తగార్లు కళ్ళెర్ర చేశారు. ఆ తగువు ఇంకా తెగలేదు.

మా ఇల్లు బి షిఫ్టు కాబట్టి నేను పొద్దుటి లైన్లో నిలబడ్డాను. గౌరమ్మ కూడా ఈసారి కుర్చీ వదిలేసింది, వాళ్ళదీ బి షిఫ్టే. ఇన్నేళ్ళూ కుర్చీలోంచి చూసిన లైన్లో మొదటిసారి మనుషుల మధ్య నిలబడ్డాను. నా భర్త కట్టిన గోడలోని ఆ తలుపు దాటి లోపలికి వెళ్ళాను. ఆయన ఫొటో ఉన్న చోట మేకు అలాగే ఉంది. దానికి మేరీ అక్షరాల అట్ట తగిలించింది. ఇప్పుడు భర్త పేరు ఎవరూ అడగరు, కార్డు చూసుకుంటారు. ఆఫీసరు కుర్రాడు కార్డు చూసి, నా వేలు పట్టుకుని సిరా పెడుతున్నాడు.

"సూరయ్య" అన్నాను.

"అడగలేదమ్మా" అన్నాడు.

"తెలుసు బాబూ."

వెనక నుంచి గౌరమ్మ కర్రతో నా మడమ పొడిచింది. "ఒలే, పేరు సెప్పినావు కదా, ఇంక బేగి కదులు. సగం పేట ఎండలో నిలబడున్నాది."